మూలలు లేని అర్ర

శ్రీరాంపూర్ బొగ్గుబాయి కాలనీలో అహరోనులు ఇద్దరుండేవారు. లారీ నడిపేవాణ్ణి లారీ అహరోను అనేవాళ్లు. రెండో ఆయన ఖాలీ అహరోను. జేబు ఖాలీ అని కాదు, బుర్ర ఖాలీ అని అంతకన్నా కాదు. ఆయనకు ఏమీ లేని చోటంటే ప్రాణం. గోడ మీద క్యాలెండర్ కనబడితే తీసి బీరువాలో పెట్టేవాడు. ఇంట్లోవాళ్లకు తేదీ కావాలంటే బీరువా తెరుచుకోవాలి. పెళ్లయిన కొత్తలో ఆనందమ్మ ఆయన గదిలో అడుగుపెట్టేసరికి గోడకు ఒక మేకు, ఆ మేకుకు ఒక ప్యాంటు, ఒక షర్టు, ఒక సంచి వేలాడుతూ కనబడ్డాయి. తక్కిన సామాను ఎప్పుడొస్తదని అడిగిందట. వచ్చేది ఇంకేం లేదని తెలిశాక ఆ లోటు తీర్చే బాధ్యత ఆమే తీసుకుంది.

ఆనందమ్మది పారేయని చెయ్యి. ఖాళీ అయిన టానిక్కు సీసా, చెవి విరిగిన చాయ్ కప్పు, పెళ్లిపత్రికలకు కట్టిన రిబ్బను, తెగిపోయిన చెప్పు తాలూకు మంచిగా ఉన్న జత, అన్నిటికీ ఆమె దగ్గర చోటుండేది. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్లో ఆమె సామాను ఏటేటా ముందుకు జరిగింది, అహరోను ఏటేటా వెనక్కి జరిగాడు. రిటైరయ్యే నాటికి ఆయన వాటాకు మిగిలింది మంచమూ, మంచానికీ గోడకూ మధ్య ఉన్న సందూ. ఆయన దీనిమీద ఎన్నడూ గొడవ పెట్టుకోలేదు. ఆదివారం మెథడిస్టు గుడిలో పాస్టరు సంతృప్తి గురించి చెప్తుంటే మాత్రం, నిద్రపోతున్న భార్యను మోచేత్తో కొంచెం పొడిచేవాడు.

బాయిలో ఆయన పని టింబర్‌మన్. తవ్వినచోట పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టాలి. షిఫ్టు అయిపోయి ఏటవాలు దారిన పైకి నడుస్తుంటే బాయి నోరు దూరాన ఒక చుక్కలా కనిపించేది. ఆ చుక్కను చూస్తే తోటివాళ్లకు అన్నం గుర్తొచ్చేది, కొందరికి కల్లు గుర్తొచ్చేది, కాళ్లు వాటంతట అవే ఉరికేవి. అహరోను మాత్రం ఆగిపోయేవాడు. పైనుంచి దిగివచ్చే వెలుగు తడిగోడల మీద పాకుతూ పాకుతూ ఎక్కడో కరిగిపోయేది. ఎక్కడ కరిగిందో తేల్చుకోవాలని ఆయన చూసేవాడు, ఎన్నిసార్లు చూసినా తేలేది కాదు. ఒకరోజు అలా గోడకు ఆనుకుని కూర్చుండిపోతే షిఫ్టు చూసే సర్దారు గుండెనొప్పి అనుకుని స్ట్రెచర్ తెప్పించాడు. డిస్పెన్సరీలో డాక్టరు ఏమైందని అడిగితే, వెలుగు చూస్తున్న సార్ అన్నాడు అహరోను. డాక్టరు కాసేపు ఆలోచించి కళ్లజోడు రాసిచ్చాడు. ఆ జోడు ఆయన ఒక్కనాడూ పెట్టుకోలేదు. ఆనందమ్మ ఒక్కనాడూ పారేయలేదు.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. పెద్దపల్లి బయట, రైస్ మిల్లులు దాటాక, ఎప్పుడో కొనిపెట్టుకున్న జాగా ఉంది. ఇల్లు కట్టించే పని అల్లుడు జాన్సన్ తన మీద వేసుకున్నాడు. జాన్సన్‌కు కరీంనగర్‌లో ఇంటీరియర్స్ దుకాణం. ఇళ్ల లోపల సోకులు చేయడం అతని వృత్తి. మనిషి మంచివాడే గాని ఖాళీ జాగా కనబడితే చేతులు ఊరుకోవు. హాల్లో పూల డిజైను సీలింగు, దాని అంచుల్లో దాగిన మూడు రంగుల లైట్లు, గోడకు రాయిలా కనిపించే కాగితం, అన్నీ ఫోన్లో బొమ్మలు వేసి తెచ్చి మామకు చూపించాడు.

అహరోను అన్నీ ఓపిగ్గా చూశాడు.

"హాలు మీ ఇష్టం అల్లుడా. నాకు ఎనుక ఒక అర్ర ఇడువున్రి. దాన్ల ఏం పెట్టద్దు."

"ఏం పెట్టద్దంటే, మామా?"

"ఏం పెట్టద్దంటే ఏం పెట్టద్దు."

జాన్సన్ ఆలోచించి, ప్రార్థన గది కాబోలనుకుని, ఒక శిలువ, దాని వెనక నీలం లైటు పెడదామన్నాడు. వద్దన్నాడు అహరోను. కిటికీ? వద్దు. అల్మారా? వద్దు. ఫ్యాను? ఫ్యాను దగ్గర ఒక్క క్షణం తడబడి, అదీ వద్దన్నాడు. జాన్సన్ పరేషాన్ అయి భార్య హెప్సిబా వైపు చూశాడు. నేను పుట్టి బుద్ధెరిగినంక బాపు మనల్ని ఏదన్న అడిగిండా, అడగక అడగక ఒక ఖాళీ అర్ర అడిగితే దానికీ అడ్డం పడుతవా అంది హెప్సిబా. దాంతో ఆ మాట ఖాయమైంది. ఆనందమ్మ అడ్డు చెబుతుందని అందరూ భయపడ్డారు గాని ఆమె వెంటనే ఒప్పుకుంది. ఖాళీ అర్ర అంటే ఆమె భాషలో సామాన్ల అర్ర.

రాజేశం అనే మేస్త్రీ పని పట్టాడు. అహరోను ఆయనకు తన కోరిక వివరించాడు. స్లాబు పడమటి గోడ దాకా రాకూడదు. జానెడు సందు వదిలేయాలి, అందులోంచి ఆకాశం కనబడాలి. లోపల మూలలు ఉండకూడదు. గోడ ఎక్కడ ఆగి నేల ఎక్కడ మొదలైందో, ఈ గోడ ఎక్కడ ఆ గోడ అయిందో కంటికి దొరకకూడదు. పైన అంతా ఒట్టి సున్నం.

"అన్నా, నేను మూలమట్టం పట్టుకొని బతికినోన్ని. మూల లేకుంట కట్టుమంటే నాకు చెయ్యి ఆడది," అన్నాడు రాజేశం.

మనసులో ఇంకో భయం కూడా ఉంది. చాయ్ హోటల్లో అప్పుడే మాటలు మొదలయ్యాయి. కోళ్లఫారం అని ఒకరు, రహస్యంగా వడ్డీ వ్యాపారమని ఒకరు, బాయిలో తలకు ఏదో తగిలిందని ఒకరు. కప్పుకు సందు పెట్టిన మేస్త్రీ అని తన పేరు పడితే ఇంకెవరు పిలుస్తారు? అయినా అహరోను బతిమాలిన తీరు చూసి కాదనలేకపోయాడు.

మొదటి మూల పంటినొప్పితో వాచిన చెంపలా వచ్చింది. పగలగొట్టారు. రెండోది అహరోనే తాపీ పట్టుకుని చేశాడు. అది రెండు పళ్లు నొస్తున్న చెంపలా వచ్చింది. రాజేశం ఆయన్ను ఓదార్చి, పనికొచ్చేది ఏదన్నా ఉందేమో చూద్దామని, అప్పటికే అక్కడికి చేరిన ఆనందమ్మ సామాన్ల మధ్య వెతికాడు. ఎన్నడో పగిలిన పెద్ద నీళ్ల గాబు తాలూకు పెంకు దొరికింది. దాని వంపు మూలకు ఆనించి చూస్తే సరిగ్గా కుదిరింది. అట్లా అన్ని మూలలూ ఆ పెంకుతోనే దిద్దారు. పగిలిన గాబు దాచుకున్నందుకు ఇంతకాలం నవ్వినవాళ్లందరి పేర్లూ ఆనందమ్మ ఆ పూట ఒక్కొక్కటే గుర్తు చేసింది. అందులో మొదటి పేరు అహరోనుది.

అర్ర తయారైంది. పొద్దున్నే అహరోను ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని అందులో కూర్చునేవాడు. పొద్దు పొడవకముందు గోడంతా మసక నీలంగా ఉండేది. ఎండ రాగానే గోడ నెత్తిన సన్నని బంగారు గీత పడేది. పొద్దెక్కిన కొద్దీ అది వెడల్పయి, గోడ మీదినుంచి జారి జారి మధ్యాహ్నానికి నేలకు దిగేది. మూలలు లేవు గనుక అది ఎక్కడా విరగదు. వంగి, నేల మీద పరుచుకునేది. బొగ్గులో బతికిన మనిషి ఇంత తెలుపు మధ్య నోరు తెరుచుకుని కూర్చుంటే, కిటికీ కూడా పెట్టుకోలేని బీదవాడికి దేవుడు సినిమా చూపిస్తున్నట్టుండేది.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడల్లా అర్రలోకి ఒక బియ్యం సంచి వచ్చి చేరేది. ఆయన మోసుకెళ్లి హాల్లో పెట్టేవాడు. ఆయన గుడికి వెళ్లి వచ్చేసరికి కుట్టుమిషన్ వచ్చి ఉండేది. ఇద్దరూ దీని గురించి నోరు విప్పేవాళ్లు కాదు. సామానే అటూ ఇటూ నడుస్తున్నట్టు, తమకేమీ సంబంధం లేనట్టు ఉండేవాళ్లు. ఇంటికి ప్రార్థన పెట్టుకున్న నాడు పాస్టరు అన్ని గదులూ తిరిగి, ఈ అర్రలో నిలబడి పైన సందును చూసి, ఆగిపోయిన ఈ పని కూడా త్వరలో పూర్తి కావాలని కళ్లు మూసుకుని వేడుకున్నాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆనందమ్మ.

భార్యకు ఒక్కసారి చూపిస్తే అర్థమవుతుందని అహరోను ఆశ. చాలాసార్లు చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. గా నీలం సూడు, ఇప్పుడు ఎట్ల మారుతాందో సూడు అనేవాడు. ఆమె చూసినంతసేపు చూసి, గోడ కనవడుతాంది, మంచిగున్నది, ఇగ పొయ్యి మీద పప్పున్నది అని లేచిపోయేది. వేళాకోళం చేస్తోందని ఆయన నొచ్చుకునేవాడు.

ఒకరోజు పది గంటల వేళ ఆమె ఎండుమిరపకాయల గంప తెచ్చి అర్రలో పెట్టి, వెనక్కి తిరిగి, గుమ్మం అనుకుని తిన్నగా గోడలోకి నడిచింది. చప్పుడు విని అహరోను పరుగెత్తుకొచ్చేసరికి నేల మీద కూర్చుని నుదురు పట్టుకుని ఉంది. నిమ్మకాయంత బొప్పి కట్టింది.

"గీ గోడ గీడికి ఎప్పుడొచ్చింది?" అంది నెమ్మదిగా.

ఆమె ఎగతాళి చేయడం లేదని అహరోనుకు అప్పుడు తెలిసింది. కొన్ని నెలలుగా సూదిలో దారం పక్కింటి చంద్రవ్వతో ఎక్కించుకుంటోంది. అన్నంలో రాళ్లు వస్తుంటే బియ్యం మిల్లువాణ్ణి తిట్టుకున్నారు. గుడిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే పాట కంఠతా వచ్చనుకున్నాడు. గోడ మీద వెలుగు ఎంతెంత జరిగిందో రోజూ చూసే మనిషి, ఇంట్లో తిరిగే మనిషి కళ్ల సంగతి చూసుకోలేదు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు గాని ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

హెప్సిబా వచ్చి తల్లిని కరీంనగర్ తీసుకెళ్లింది. రెండు కళ్లకూ శుక్లాలని, బాగా ముదిరాయని కంటి డాక్టరు చెప్పాడు. ఒక కంటికి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లాగి రెండోదానికి. అంతకాలమూ ఆనందమ్మ బిడ్డ దగ్గరే ఉంది. ఇంట్లో ఒక్కడే మిగిలిన అహరోనుకు తన తెల్లని అర్రను చూస్తే కోపం వచ్చింది. మూల ఉంటే, తలుపుకు రంగుంటే, ఆమెకు దెబ్బ తగిలేది కాదు గదా. పశ్చాత్తాపం ఆయన మీద చేయి పెట్టిందంటే మామూలుగా వదలదు. బియ్యం సంచులన్నీ తానే మోసుకొచ్చి గోడ వెంబడి పేర్చాడు. కుట్టుమిషన్, మిరపకాయల గంప, సీసాల పెట్టె, ఒంటి చెప్పులు, అన్నీ చేర్చాడు. గుమ్మం చుట్టూ కనబడేలా నీలిమందుతో లావు గీత గీశాడు. అంతా అయ్యాక నడుం పట్టుకుని తన ఎర్రకుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ ఒక్కటి తీయడానికి మనసు రాలేదు.

ఆనందమ్మ నల్లకళ్లద్దాలతో దిగింది. చూడటానికి వచ్చినవాళ్లు హీరోయిన్ వచ్చిందని మురిపించారు. కొన్ని రోజులకు అద్దాలు తీయొచ్చని డాక్టరు చెప్పాక, ఒక వేకువన ఆమె లేచి ఇల్లంతా కొత్తగా చూసుకుంటూ తిరిగింది. అహరోను ముఖం చూసి, గింత ముసలోడివి ఎప్పుడైనవని అడిగింది. వంటింటి మసి చూసి సిగ్గుపడింది. తర్వాత వెనక అర్రలోకి వెళ్లింది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

ఆమె పేర్చిన సంచుల వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది.

"గీ సంచులు ఎవలు పెట్టిన్రు గిండ్ల?"

"నేనే. నీకోసమే పెట్టిన."

"తియ్యి."

ఆయనకు అర్థం కాక నిలబడి ఉంటే ఆమె సంచుల వెనకున్న గోడను చూపించింది.

"గోడ నీలంగ ఉన్నది. సంచులు అడ్డమున్నయి."

"పొద్దుగాల గట్లనే ఉంటది ఆనందా. నీకు చెప్పలేదా?"

"చెప్పినవ్. నాకు మజ్జిగ లెక్క కనవడ్డది."

సంచులన్నీ మళ్లీ హాల్లోకి నడిచాయి. ఈసారి చప్పుడు చేస్తూ, బాహాటంగా. ఆ రోజు ఆమె నేల మీద చాప కూడా లేకుండా కూర్చుని, నీలం పోయి బంగారు గీత రావడం చూసింది, గీత వెడల్పు కావడం చూసింది. పొయ్యి వెలిగించలేదు. అహరోను పక్కన కూర్చుని మధ్యమధ్య ఆమె ముఖం చూశాడు. ఇన్నాళ్లకు తన బాధ ఒకరికి తెలిసిందని ఆయన సంతోషం ఇంతా అంతా కాదు. అది మధ్యాహ్నం దాకానే.

మధ్యాహ్నం వెలుగు గోడను రాసుకుంటూ దిగుతుంది. గోడలో వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా నీడ పడుతుంది. ఆనందమ్మ కొత్త కళ్లు ఏదీ వదల్లేదు. గాడ తాపీ గీతలున్నయి అంది. గాడ సున్నం పెచ్చు లేచింది అంది. సంచులు ఆనిన చోట మరక, గుమ్మం చుట్టూ నీలిమందు, ఇది ఎవరి తెలివి అని అడిగింది. చివరికి ఒక మూల దగ్గర ఆగి వేలు పెట్టింది.

"గీ మూల నువ్వు చేసిందే గదా?"

అది పగలగొట్టి మళ్లీ చేశామని, అయినా అడుగున కొంచెం మిగిలిపోయిందని అహరోను ఒప్పుకోవాల్సి వచ్చింది. రాజేశానికి కబురు వెళ్లింది. ఆమె గోడ ముందు నిలబడి, వెలుగు ఏ కోణంలో పడుతుందో చూసుకుంటూ, ఇక్కడ రుద్దు, అక్కడ ఆపు అని పనిచేయించింది. రెండోనాడు సాయంత్రం రాజేశం తాపీ కడుక్కుంటూ అహరోను చెవిలో, నువ్వే నయం అన్నా, అన్నాడు.

తర్వాత వంతు ఎర్రకుర్చీది. ఆ కుర్చీ ఉన్నంతసేపు తెల్లగోడ మీద గులాబీ ఛాయ పడుతోందని ఆమె కనిపెట్టింది. అహరోను మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకున్నాడు. గుమ్మం బయట వేసుకుని అక్కడినుంచి చూడమంది. కాళ్లు కడుక్కోకుండా లోపలికి రాకూడదు, గోడకు వీపు ఆనించకూడదు, తుమ్మొస్తే బయటికి వెళ్లి తుమ్మాలి. హాల్లో మాత్రం ఏమీ మారలేదు. అక్కడ ఆమె సామాను మూడు రంగుల లైట్ల కింద హాయిగా పెరుగుతూనే ఉంది. ఒక కొత్త పెట్టె కూడా వచ్చింది, కంటి చుక్కల ఖాళీ సీసాలది.

జాన్సన్ వచ్చి చూసి ముందు నవ్వాడు. మధ్యాహ్నం వెలుగులో అత్త ఒక్కతే కూర్చుని ఉండగా ఫోటో తీసి తన దుకాణం స్టేటస్‌లో పెట్టాడు. దాన్ని చూసి సంపత్ అనే బట్టల వ్యాపారి కరీంనగర్ నుంచి భార్యతో కారేసుకుని వచ్చాడు. అర్రలో నిలబడగానే ఆయన గొంతు తగ్గిపోయింది. చెప్పులు బయట విడిచినవాడు ఫోన్ కూడా జేబులో పెట్టేశాడు. బయటికొచ్చాక చాలా నచ్చిందని, మనసు నిమ్మళమైందని, అచ్చం ఇలాంటిదే తమకూ కావాలని జాన్సన్‌తో చెప్పాడు. ఆ పెద్ద గోడకు టీవీ అయితే బ్రహ్మాండంగా ఉంటుందని కూడా చెప్పాడు.

ఆ అర్ర కరీంనగర్‌లో తయారైంది. గోడకు టీవీ ఉంది, ఎదురుగా సోఫా ఉంది, పైన సందులో జాన్సన్ మూడు రంగుల లైట్లు పెట్టాడు. దానికి అహరోను మోడల్ అని పేరు. గృహప్రవేశానికి పిలిస్తే ఇద్దరూ వెళ్లారు. అహరోనుకు శాలువా కప్పారు. వచ్చేటప్పుడు బస్సులో ఆనందమ్మ చాలా దూరం నవ్వుతూనే ఉంది. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు గాని, కాసేపటికి ఆయన భుజాలు కూడా కదిలాయి.

ఆషాఢంలో మొదటి పెద్ద వాన వచ్చింది. సందు సంగతి గుర్తొచ్చి జాన్సన్ ముందే ఒక ప్లాస్టిక్ రేకు పంపించి ఉన్నాడు. అహరోను తలకు సంచి కప్పుకుని, రేకు చంకన పెట్టుకుని నిచ్చెన ఎక్కబోతుంటే ఆనందమ్మ గుమ్మంలోంచి ఆగమంది. అర్రంతా నీళ్లయితయని ఆయన అన్నాడు. కానీ అంది.

ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి చూశారు. పడమటి గోడ వెంబడి వాన పలుచని తెరలా దిగుతోంది. సున్నం తడిసి బూడిద రంగుకు తిరిగింది. నేల మీద నీళ్లు నిలిచి, గోడ అడుగున రాజేశం వదిలిన చిన్న తూము దాకా మెల్లగా కదులుతున్నాయి. గంటలో వాన వెలిసి ఎండ వచ్చింది. సందులోంచి దిగిన వెలుగు నీళ్ల మీద పడి, అక్కడినుంచి ఎగిరి కప్పు మీదికి వెళ్లి, కప్పంతా అలలు అలలుగా ఊగడం మొదలుపెట్టింది. బాయిలో గాని బయట గాని అహరోను అలాంటిది చూడలేదు.

కాసేపటికి ఆయనకు ఇల్లు గుర్తొచ్చింది. నీళ్లు నిలిస్తే గచ్చు పాడవుతుందని లోపలికి వెళ్లి తుడుపుగుడ్డ, బకెట్ తెచ్చాడు.

"జర ఆగు," అంది ఆనందమ్మ కప్పు మీదినుంచి కళ్లు తిప్పకుండానే. "వాటంతట అవే ఎండుతయి."

ఆయన బకెట్ పక్కన పెట్టాడు. ఆమె గడప మీద కొంచెం జరిగి చోటిచ్చింది. పక్కన కూర్చుని ఆయన కూడా తలెత్తాడు.